తల ఊపిన ఆదివారం

అత్తిమంజేరిపేట,
6 అక్టోబరు 2025

మురళీ,

నువ్వూ జ్యోతికా సుఖంగా ఉన్నారని అనుకుంటాను. మొన్న ఫోన్ చేశావు. ఎత్తాను కానీ నీ గొంతు తూములో నీళ్ళ చప్పుడులా వినిపించిందే తప్ప ఒక్క మాటా తెలియలేదు. ఊఁ ఊఁ అని పెట్టేశాను. ఏమీ అనుకోకు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం మిగిలింది. పన్నెండేళ్ళు మరమగ్గాల మధ్య పని చేసినదానికి ఆ మాత్రం మిగలడమే ఎక్కువని తిరుత్తణి డాక్టరు అన్నాడట. నిత్య కాగితం మీద తమిళంలో రాసి చూపించింది. ఇకమీదట ఏదైనా ఉంటే ఉత్తరం రాయి. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా పంపితే నాకు అందదు. కాగితమైతే పక్కన పెట్టుకొని మళ్ళీ మళ్ళీ చూసుకోవచ్చు.

నిత్య ఒరగడంలో కంపెనీ హాస్టల్లోనే ఉంది, నెలకొకసారి వస్తుంది. మన ఇంట్లో తెలుగు చదివేది ఇక నువ్వూ నేనే. నా కూతురే అయినా దానికి మన రాత చూపిస్తే "ఏంది మా ఇది, జిలేబీలు చుట్టినట్టు" అంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ అన్న కంప్యూటర్ మొరాయిస్తోంది. స్విచ్ వేసి, వాకిలి ఊడ్చి, కాఫీ కాచుకొని వచ్చినా ఇంకా చక్రం తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో ఏవో బొమ్మలు వాటంతట అవే వచ్చి పడుతున్నాయి. నువ్వు ఫ్యాక్టరీ ఆఫీసులో రోజంతా దాని ముందే కూర్చుంటావు కదా. దాన్ని శుభ్రం చేసే దారి ఏదైనా ఉంటే రాయి. తొందరేమీ లేదు, పొంగలితో మొదలయ్యే తై నెలకు ముందు అయితే చాలు.

మీ వదిన,
తులసమ్మ

*

తిరువళ్ళూరు,
15 అక్టోబరు 2025

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం భోజనం గంటలో చదివాను. పక్కన తణికైవేల్ ఉన్నాడు. మా ఆఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకునేది అతనే. "ఏంది అన్నా, ఈ కాలంలో లెటరా" అని వింతగా చూశాడు. సంగతి చెప్పాను. అతను నవ్వి, "ఆ మిషన్‌లో ఉండేది ఏ విండోస్?" అన్నాడు. అన్న టైపు కొట్టులో చూసిన గుర్తుంది, ఏడో నెంబరు. "సరిపోయింది. పదో నెంబరుకే నిన్నటితో కాలం చెల్లింది. ఏడు ఎప్పుడో పోయినాది" అన్నాడు.

అర్థమయ్యేలా చెబుతాను. కంప్యూటర్‌లో అన్నింటికీ అడుగున ఒక మూల సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మీట నొక్కితే అక్షరం రావాలన్నా, పాట వినాలన్నా అదే నడిపించాలి. నీ దాంట్లో ఉన్నది విండోస్. దాన్ని తయారుచేసినవాళ్ళు పాతవాటికి మరమ్మతులు పంపడం మానేస్తారు. ఆ తర్వాత వైరస్ దూరితే అడిగే నాథుడు లేడు. కొత్త విండోస్ వేద్దామంటే నీ మిషన్ దాన్ని మోయలేదు. అందుకని మిషన్‌ను పారేయాల్సిన పనిలేదు. లినక్స్ అని ఇంకో రకం ఉంది. ఉచితం. పాత మిషన్లలో కూడా పరుగెత్తుతుంది. అందులో మళ్ళీ ఎన్నో రకాలు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఏది సులువో అది నేను ఎంచుతాను.

వదినా, ఒక మాట రాస్తాను. అన్న నన్ను కొట్టులో కూర్చోబెట్టి టైపు నేర్పిస్తానని ఎన్నిసార్లు పిలిచాడో. నాకు క్రికెట్ ఎక్కువైంది. ఆయన పోయాక కొట్టు మూయించి, ప్రింటరూ బల్లలూ అమ్మేసి, ఇంక నీకు ఈ పాట్లు వద్దన్నాను. నీకు పొద్దుపోవడానికని ఈ కంప్యూటర్ ఒక్కటి ఇంటికి చేర్చాను. అది కూడా నడవకపోతే నేను ఎందుకు?

నీకు కావలసినవి నాలుగే కదా. భక్తి పాటలు, వంటల వీడియోలు, కరెంటు బిల్లు, నిత్య ఫోటోలు. వీటికి లినక్స్ చాలు.

దీపావళికి జ్యోతిక చేసిన మురుకులు పళ్ళిపట్టు బస్సులో పంపుతున్నాను. కొంచెం గట్టిగా వచ్చాయి. ఆ మాట నేను రాసినట్టు ఆమెకు చెప్పకు.

మురళీధరన్

*

అత్తిమంజేరిపేట,
27 అక్టోబరు 2025

మురళీకి దీవెనలు.

మురుకులు అందాయి. టీలో నానబెట్టుకుని తిన్నాను. బాగున్నాయని జ్యోతికకు చెప్పు.

ఇక్కడ నాలుగు రోజులుగా వాన. మగ్గాల గుంతల్లోకి నీళ్ళు ఊరాయి. పక్కింటి వరదమ్మ మగ్గం ఎత్తి నిట్రాటకు కట్టుకుంది.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నేను శుభ్రం చేస్తే చాలు అన్నాను. మార్చాలంటే నాకు కాస్త బెరుకుగా ఉంది. ఇప్పుడున్నది నా చేతికి అలవాటు. ఏ అక్షరం ఏ మీట కింద ఉందో చూడకుండానే వేలు పోతుంది. ఇంటికి వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు, వాళ్ళు అడిగినప్పుడు చటుక్కున తీసి చూపించగలగాలి. మీ అన్న పెట్టిన ఫైళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. అవి చెడిపోకుండా ఉంటే ఏ పేరుదైనా సరే.

నువ్వు నా కోసం ఇంత శ్రమ పడుతుంటే వద్దనడానికి మనసు రాదు. నీకు ఎలా తోస్తే అలా చెయ్యి.

తులసమ్మ

*

తిరువళ్ళూరు,
16 నవంబరు 2025

వదినా,

ఆలస్యానికి కారణం ఉంది. ఈ మూడు వారాలూ మా ఇల్లు ప్రయోగశాల అయింది. జ్యోతిక పాత ల్యాప్‌టాప్ తీసుకొని వారానికొక లినక్స్ చొప్పున నడిపి చూశాను. పెన్‌డ్రైవులో ఎక్కించుకొని అక్కడి నుంచే నడపవచ్చు. లోపల ఉన్నదానికి ఏమీ కాదు.

మొదటిది ఉబుంటు. పేరున్నదే, గట్టిదే. కానీ బొమ్మలన్నీ ఎడమ పక్కన నిలువుగా నిలబడి ఉంటాయి. ఏది ఎక్కడ దాక్కుందో వెతుక్కోవడానికే నాకు రెండు రోజులు పట్టింది. నీ మిషన్‌కు అది బరువు కూడా. రెండోది జోరిన్. చూడడానికి అచ్చం విండోస్ లాగే ఉంటుంది. జ్యోతికకు అదే నచ్చింది. మూడోది మింట్. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం. నీకు తెలిసిన చోటే తెలిసిన వస్తువు. పాత మిషన్ల కోసం అందులో తేలికపాటి రకం వేరే ఉంది. తెలుగు టైపు కూడా వస్తుంది. అందుకని మింట్ ఖాయం చేశాను.

నేను ఇదంతా కాగితం మీద గళ్ళు గీసి మార్కులు వేస్తుంటే జ్యోతిక వెనక నిలబడి, "మార్కులు సరే. అక్క దాంట్లో ఏం చేస్తావుందో అడిగినారా?" అన్నది. "ఏం చేస్తాది, పాటలు వింటాది" అన్నాను. చెవి సంగతి ఆ క్షణం గుర్తు రాలేదు.

బెరుకు వద్దు. అలవాటు వారం రోజుల్లో మారిపోతుంది. ఇంటికి వచ్చే అమ్మలక్కలకు నువ్వే కొత్తది చూపించి గొప్పగా చెప్పుకుంటావు. డిసెంబరు పద్నాలుగు ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. నాకు వంకాయ పులుసు చాలు, వేరే ఏమీ వండకు.

మురళి

*

తిరువళ్ళూరు,
17 డిసెంబరు 2025

వదినకు,

ఆ రోజు చివరి బస్సు దొరికింది. తిరుత్తణిలో గుడికి వచ్చే కృత్తిక జనం లేరు కాబట్టి సీటు కూడా దొరికింది. నీ వంకాయ పులుసు జ్యోతికకు ఇచ్చాను, గిన్నె తర్వాత పంపుతాను.

ఎంత సంతోషంగా ఉందో రాయలేను. పది నిమిషాలు తీసుకునే మిషన్ అర నిమిషంలో తెరుచుకుంది చూశావా? నువ్వు ఆశ్చర్యంగా చూస్తూ నిలబడ్డావు. అన్న ఉంటే నా వీపు తట్టి ఉండేవాడు.

ఫైళ్ళ గురించి నువ్వు భయపడ్డావు కదా, ఒక్కటి కూడా పోలేదు. ముందే అన్నీ పెన్‌డ్రైవులోకి తీసి, పని అయ్యాక మళ్ళీ లోపల పెట్టాను. "అన్న ఫైళ్ళు" అని ఫోల్డరుంది చూడు. పాత విండోస్‌ను పక్కనే ఉంచి రెండూ పెట్టుకోవచ్చని తణికైవేల్ చెప్పాడు. కానీ నీ డిస్కు చిన్నది. రెండూ ఉంటే ఏది నొక్కాలో నీకు తికమక. అందుకే నిన్ను అడిగాను, "పాతది మొత్తం చెరిపేద్దునా వొదినా, ఇంక నీకు దాంతో పని లేదు గదా" అని. నువ్వు తల ఊపాక గానీ నేను మీట నొక్కలేదు.

వాడకం గురించి రెండు పేజీలు వేరే రాసి జత చేశాను. పాటలు ఎక్కడ, బ్రౌజర్ ఎక్కడ, ఎలా ఆపాలి, అన్నీ ఉన్నాయి.

మురళి

*

అత్తిమంజేరిపేట,
24 డిసెంబరు 2025

మురళీ,

గిన్నెకు తొందర లేదు. మార్గళి చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, రాత వంకరగా ఉంటే సర్దుకుని చదువు.

కంప్యూటర్ చాలా వేగంగా తెరుచుకుంటోంది. నువ్వు రాసిచ్చిన కాగితాలు గోడకు అంటించాను. పాటలు చూశాను.

ఒక సందేహం. "అన్న ఫైళ్ళు" లో ఉన్నవి నొక్కితే చాలావరకు తెరుచుకోవడం లేదు. దీన్ని ఏంతో తెరవాలి అని అదే నన్ను అడుగుతోంది. కొన్ని తెరుచుకున్నాయి కానీ తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కొక్కేలూ కలగాపులగంగా వస్తున్నాయి. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఉండేది, నీలం గుర్తు, అది కనిపించడం లేదు. దాని వెంట ఉండే తెలుగు అక్షరాలు కూడా లేవు. వాటిని తిరిగి తెప్పించే వీలుందా? రెండు వారాల్లోపల అయితే మంచిది.

ఈ ఒక్కటి తప్ప అంతా బాగుంది. నువ్వు పడిన కష్టానికి నేను వంక పెడుతున్నానని అనుకోవద్దు.

తులసమ్మ

*

తిరువళ్ళూరు,
2 జనవరి 2026

వదినా, కొత్త సంవత్సరం నీకూ నిత్యకూ మేలు చేయాలి.

నీ సందేహానికి జవాబు. ఆ నీలం గుర్తు సాఫ్ట్‌వేర్ విండోస్‌కు మాత్రమే పనికొస్తుంది, లినక్స్‌లో నడవదు. అది పాత కాలపు తెలుగు. ప్రత్యేకమైన ఫాంటు ఉంటేనే అక్షరంగా కనిపిస్తుంది, లేకపోతే నువ్వు చూసిన కొక్కేలే. ఇప్పుడు వచ్చే తెలుగు అలా కాదు, ఎక్కడైనా కనిపిస్తుంది.

ఆ రోజు పెన్‌డ్రైవులోకి తీసే ముందు నేను కూడా నాలుగైదు తెరిచి చూశాను. అవన్నీ అన్న కొట్టు నాటి పెళ్లి పత్రికలే కదా. ఎవరెవరి పెళ్ళిళ్ళో, వాళ్ళకు పిల్లలు పుట్టి బడికి కూడా పోతుంటారు. వాటితో ఇప్పుడు పనేముంది? అన్న గుర్తుగా ఉంచుకోవాలంటే ఉంచుకో, లేదంటే తీసెయ్. చోటు కలిసొస్తుంది.

పాతదాన్ని వదిలితేనే కొత్తది అబ్బుతుంది వదినా. రోజూ పావుగంట కొత్త తెలుగు టైపు చేసి చూడు. ఆఫీసులో సంవత్సరాంతపు లెక్కలు తల తినేస్తున్నాయి, ఇంతటితో ఆపుతున్నాను.

మురళి

*

అత్తిమంజేరిపేట,
9 జనవరి 2026

మురళీ,

సరే. నువ్వు చెప్పినట్టే చేస్తాను. పొంగలికి చెరకు గడలు పంపుదామనుకున్నాను, బస్సులో ఎక్కించేవాళ్ళు దొరకలేదు.

తులసమ్మ

*

తిరువళ్ళూరు,
24 ఫిబ్రవరి 2026

వదినా,

నెలన్నర నుంచి నీ ఉత్తరం లేదు. కంప్యూటర్‌లో మునిగిపోయావనుకున్నాను. జ్యోతికతో నవ్వుతూ అన్నాను కూడా.

ఆదివారం కనకమ్మ సత్రంలో తంగమ్మ పెద్దమ్మ కొడుకు కన్నన్ పెళ్ళికి పోయాను. నువ్వు వస్తావని చూశాను. మండపం వాకిట్లోనే గొడవ. పెళ్లికూతురి తాత ఒక కుర్చీలో కూర్చుని పత్రిక చేతిలో పట్టుకొని కదలడం లేదు. పత్రికలో ఆయన పేరుకు ముందు కీర్తిశేషులు అని పడింది. తమిళం పక్క సరిగానే ఉంది, తెలుగు పక్క తప్పు. వేసినవాడికి తెలుగు రాదట, ఏదో పాత పత్రిక చూసి అచ్చు దించాడట. ఊరంతా పంచాక గానీ ఎవరూ గమనించలేదు. ఎవరెంత బతిమాలినా ఆయన ఒకటే మాట. "చచ్చినోడు అక్షింతలు ఎట్ల ఏస్తాడప్పా? మీరే ఏసుకోండి."

నేను పెద్దమ్మ పక్కన నిలబడి ఉన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంటూ అన్నది, "మీ వొదిన చేసుంటే ఈ తప్పు వచ్చుండునా మురళీ? మీ అన్న పోయినంక గూడా మన జనానికంతా ఆమే గదా కూర్చి ఇస్తా ఉన్నది. ముందు ఆమె దగ్గరికే పోయినాం. కంప్యూటర్ మారిపోయింది, ఇంక చేయలేనన్నది. ఇప్పుడు తరికి పోతావుండాదంట, కండెలు చుట్టేదానికి. నీకు తెలీదా?"

తెలుసు అన్నాను.

భోజనం చేయలేదు. బస్సెక్కి కూర్చున్నాను. ఇల్లు చేరేదాకా నీ ఉత్తరాలు ఒక్కొక్కటే జ్ఞాపకం చేసుకున్నాను.

వదినా, ఇది నిజమా? మరమగ్గాల షెడ్డుకు నువ్వు మళ్ళీ ఎందుకు పోతున్నావు? ఆ చెవితో?

మురళి

*

అత్తిమంజేరిపేట,
6 మార్చి 2026

మురళీకి,

నీ ఉత్తరం వచ్చి వారం అయింది. రాయడానికి కూర్చోవడం, లేవడం. ఇవాళ షెడ్డులో కరెంటు లేదు, ఇంటికి పంపేశారు. అందుకని రాస్తున్నాను.

నిజమే. పొంగలి అయిన వారం నుంచి పోతున్నాను.

కొట్టు మూసేటప్పుడు నువ్వు "ఇంక నీకు ఈ కష్టం వద్దు వొదినా, నేనుండాను" అన్నావు. నేను సరే అన్నాను. నాకు ఆ పని కష్టం కాదు. మీ అన్న తమిళం కూర్చేవాడు, తెలుగు నాది. పన్నెండేళ్ళు ఆ చప్పుడులో ఉన్నాక, చప్పుడు లేని పని అదొక్కటే దొరికింది నాకు. కానీ నువ్వు ఏడుస్తూ అన్నావు. అన్న పోయి పదహారు రోజులు కాలేదు. కాదని ఎలా చెప్పేది? ప్రింటర్ తీసుకుపోతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఆరు నెలల తర్వాత మునికృష్ణ వచ్చాడు. మన చేనేత సొసైటీలో పని చేసేవాడు, నీకు తెలుసు. బిడ్డ పెళ్లి. "అక్కా, రెండు పక్కలా తప్పు లేకుండా నువ్వే ఏసియ్యాల" అన్నాడు. కూర్చి, పెన్‌డ్రైవులో పెట్టి నగరి ప్రెస్సుకు పంపాను. ఆ తర్వాత ఒకరు చెప్పి ఒకరు వచ్చారు. నీకు తెలిస్తే చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు. మరిది చూసుకోవడం లేదేమో అని జనం అనుకుంటారని నువ్వు బాధపడతావు కదా.

మన ఇళ్ళల్లో పత్రిక కూర్చడం అంటే ఉత్త టైపు కాదు మురళీ. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనుక, ఎవరు మాట్లాడుకోవడం లేదు, ఎవరి ఇంటిపేరుకు ఏ దీర్ఘం. ఒక ఇంట్లో పెద్దకొడుకు పెళ్లి పత్రిక ఉంటే, పదేళ్ళ తర్వాత చిన్నకొడుకుది కూర్చేటప్పుడు అదే తీసి చూస్తాం. ఈలోపల పోయినవాళ్ళెవరో వాళ్ళనే అడిగి, పేరు ముందు ఆ మాట చేరుస్తాం. పాతవాటితో పనేముందని నువ్వు రాశావు. పని అదే.

డిసెంబరులో చేతిలో ఐదు పత్రికలు ఉన్నాయి, అన్నీ తై నెలవి. నువ్వు వచ్చిన రోజుకు రెండు సగంలో ఉన్నాయి. అందుకే రెండు వారాల్లోపల అని రాశాను. నీ జవాబు వచ్చాక వాళ్ళందరినీ పిలిచి నా వల్ల కాదని చెప్పాను.

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం. ఉండింది. పోయిందో లేదో నాకే తెలియదు. కానీ ఒక మాట నీకు తెలియాలి. ఆ ఆదివారం నువ్వు నన్ను ఏదో అడిగావు. నాకు వినపడలేదు. నువ్వు తెర వైపు చూస్తూ అడిగావు, నీ పెదవులు కూడా కనపడలేదు. ఏందని మళ్ళీ అడగడానికి సిగ్గుపడ్డాను. పొద్దుటి నుంచి అప్పటికే నాలుగుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాను, నాలుగోసారి నీ ముఖంలో విసుగు చూశాను. నీకు తెలిసి పడిన విసుగు కాదు. పులుసు ఇంకొంచెం ఉందా అని అడిగావనుకున్నాను. తల ఊపాను.

నీ ఉత్తరం చదివాకే తెలిసింది నేను దేనికి ఊపానో.

తులసమ్మ

*

తిరువళ్ళూరు,
29 మార్చి 2026

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను.

నీ ఉత్తరం తణికైవేల్‌కు చదివి వినిపించాను. నాకు సిగ్గు అనిపించలేదు, వినిపించాలనే అనిపించింది. అతను తింటున్న డబ్బా మూసి పక్కన పెట్టాడు. తర్వాత, "అన్నా, ఎవరికైనా సిస్టమ్ మార్చాలంటే నేను మొదట అడిగేది ఒకటే. నువ్వు దీంట్లో ఏం పని చేస్తావుండావు అని. మిగిలిందంతా ఆ తర్వాతే. నువ్వు అడిగినావనే అనుకున్నా" అన్నాడు. జ్యోతిక నవంబరులోనే ఆ మాట అన్నది.

డిస్కు మీద చెరిపినదాన్ని తిరిగి తీయలేమా అని అడిగాను. పైన కొత్తది రాసేశాం, ఆ సాఫ్ట్‌వేర్ ముక్కలు దొరకవన్నాడు. "సీడీ ఉంటే గంట పని. యాడుండాది సీడీ?" అన్నాడు. సీడీ ఎక్కడుందో నాకు తెలుసు వదినా. కొట్టు ఖాళీ చేసిన రోజు అట్టపెట్టె నిండా సీడీలు ఉంటే పాత ఇనుము వాడికి వేసింది నేనే.

ఆ దారి మూసుకుపోయాక నగరి పోయాను. ప్రెస్సు ఆయన దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి మూల పడి ఉంది. అడిగితే ఇస్తానన్నాడు. నా పెన్‌డ్రైవులో మిగిలిన అన్న ఫైళ్ళలో ఒకటి అందులో పెట్టి చూశాను. తెరుచుకుంది. ఎవరిదో తెలుసా? నా పెళ్లి పత్రిక. కింద అచ్చు తప్పులు దిద్దినది తులసమ్మ అని చిన్న అక్షరాల్లో ఉంది. ఇన్నేళ్ళలో నేను ఆ లైను చదవలేదు.

వచ్చే ఆదివారం దాన్ని తెచ్చి నీ ఇంట్లో పెడతాను. అది పెట్టాక నువ్వు షెడ్డుకు పోవద్దు. నిత్యతో మాట్లాడాను. డాక్టరు ఆ చప్పుడు దగ్గరికి పోనేకూడదన్నాడని, నీకు ఎంత చెప్పినా వినడం లేదని ఏడ్చింది. నాకు చెప్పొద్దని నువ్వే ఒట్టు పెట్టించుకున్నావట.

నీకు తోచింది రాయి. తిట్టినా రాయి.

మురళి

*

అత్తిమంజేరిపేట,
10 ఏప్రిల్ 2026

మురళీ,

ఆదివారం నువ్వు వస్తావేమోనని మధ్యాహ్నం దాకా చూశాను. నా జవాబు కోసం ఆగావని తర్వాత అర్థమైంది. ఈసారి అడిగి చేద్దామనుకున్నావు. మంచిదే.

నగరి కంప్యూటర్ తేవద్దు. కారణాలు రాస్తాను. వచ్చేవాళ్ళు ఇప్పుడు రావడం లేదు. తంగమ్మ ఇంటి పత్రిక సంగతి అందరికీ తెలిసినా, జనానికి ఫోన్‌లో బొమ్మలతో వచ్చే పత్రికలు అలవాటయ్యాయి. తెలుగు పక్క ఉండాలని పట్టుబట్టే పెద్దవాళ్ళు ఏడాదికి ఇద్దరో ముగ్గురో తగ్గుతున్నారు. ఆ పని ఎలాగూ ఇంకో మూడు నాలుగేళ్ళే ఉండేదేమో. ఆ మూడు నాలుగేళ్ళు నావి. అవి పోయాయి. వాటిని తెచ్చి బల్ల మీద పెట్టలేవు.

నువ్వు పెట్టిన మింట్ చెడ్డది కాదు. కొత్త తెలుగు టైపు కాస్త కాస్త పట్టుబడుతోంది. మీటలు వేరే చోట ఉన్నాయి కాబట్టి వేలు పాత చోటుకే పోయి తిట్టుకుని వెనక్కి వస్తుంది. అచ్చుకు ఇవ్వగలిగేలా పేజీ తయారుచేయడం అందులోనూ వీలవుతుందని మునికృష్ణ కొడుకు చెప్పాడట. అక్టోబరులో తెలిసి ఉంటే ఇప్పటికి నేర్చుకునేదాన్నేమో. ఇప్పుడు షెడ్డు నుంచి వచ్చేసరికి చేతులు లేవడం లేదు.

నిత్య మొన్న వచ్చి తిరుత్తణికి తీసుకుపోయింది. కుడి చెవి కూడా చాలా వరకు పోయింది. డాక్టరు రాసి చూపించాడు. షెడ్డు వల్లనే అని గట్టిగా చెప్పలేమట. నువ్వు దాన్ని నీ ఖాతాలో వేసుకుంటావని తెలుసు, అందుకే ఆ మాట కూడా రాస్తున్నాను. కొంత నీది, కొంత నాది. కొట్టు మూసిన రోజు ఒక్కసారి, వంకాయ పులుసు రోజు ఒక్కసారి నేను నోరు తెరిచి ఉంటే సరిపోయేది. నోరు బాగానే పనిచేస్తుంది నాకు.

షెడ్డు గురించి నీకు ఒక సంగతి చెప్పాలి. అక్కడ నలభై మగ్గాలు ఒకేసారి ఆడుతుంటాయి. ఎవరికీ ఎవరి మాటా వినపడదు. అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. నీళ్ళు కావాలంటే ఒక సైగ, దారం తెగితే ఒకటి, టీకి ఒకటి. ఎవరూ నన్ను మళ్ళీ చెప్పు అనరు, నేనూ ఎవరినీ అడగను. ఇంట్లో, బస్సులో, పెళ్ళిళ్ళలో నేను చెవిటిదాన్ని. అక్కడ కాదు. ఆ ఎనిమిది గంటలూ నేను అందరిలాంటిదాన్ని. అది నాకు నచ్చుతోందని రాస్తే నీకు కష్టంగా ఉంటుంది. ఉండనీ. నాకూ కష్టంగానే ఉంది. నచ్చడమూ కష్టమూ రెండూ ఉన్నాయి.

మానేస్తానని మాట ఇవ్వను. ఆలోచిస్తానని మాత్రం నిత్యకు చెప్పాను, నీకూ చెబుతున్నాను.

నువ్వు రా. జ్యోతికను కూడా తీసుకురా. నా ఎదురుగా కూర్చుని, నా ముఖం చూస్తూ మెల్లగా మాట్లాడు. తెలియకపోతే తెలియలేదని చెబుతాను.

తులసమ్మ